ఆయుధం పట్టిన బాల్యం: జపాన్ యానిమేలో పాత్రప్రేరణ – విశ్వసనీయత (1945–1997)

వ్యాససంగ్రహం

కల్పితపాత్ర చేసే పనిని, ఆ పనికి మూలమైన ప్రేరణను ప్రేక్షకుడు ఏ పరిస్థితుల్లో నమ్ముతాడు? పాత్ర గతాన్ని వివరంగా చెబితే నమ్ముతాడన్నది తరచుగా వినిపించే సమాధానం. 1945 నుంచి 1997 వరకు వెలువడిన ఆరు జపాన్ యానిమే రచనలను కాలక్రమంలో పరిశీలించి, ఆ సమాధానం చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘పిల్లలు ఆయుధం ఎందుకు పడతారు?’ అన్న ఒకే ప్రశ్నకు ఈ ఆరు రచనలు ఇచ్చిన సమాధానాలు ఎలా మారాయో చూపుతూ, ఆ మార్పులో నిర్మాణపరిస్థితుల పాత్రను గుర్తిస్తుంది. ఆనందవర్ధనుని ప్రకృత్యౌచిత్య విచారాన్నీ, భరతుని అనుభావ, సాత్త్వికభావ పరిభాషనూ విశ్లేషణకు సాధనాలుగా గ్రహిస్తుంది.

కీలకపదాలు: యానిమే, పాత్రప్రేరణ, విశ్వసనీయత, ప్రకృత్యౌచిత్యం, అనుభావం, సాత్త్వికభావం, పరిమిత చలనం

1. ఉపోద్ఘాతం

చేతితో గీసిన బొమ్మకు మనసు ఉండదు. అది నవ్వినా ఏడ్చినా ఎవరో గీస్తేనే నవ్వుతుంది, ఏడుస్తుంది. అయినా ఆ బొమ్మ ఒక నిర్ణయం తీసుకున్నప్పుడు ‘ఇది నిజంగా అలాగే చేస్తుంది’ అని ప్రేక్షకుడు ఒప్పుకొంటాడు. మరొక సందర్భంలో ఎంత కారణం చెప్పినా ఒప్పుకోడు. ఈ ఒప్పుదల ఎక్కడినుంచి వస్తుందన్నది సాహిత్యవిమర్శకు కొత్త ప్రశ్న కాదు. సాధ్యమైనా నమ్మశక్యం కానిదానికంటే, అసాధ్యమైనా నమ్మదగినదే కావ్యానికి మేలని అరిస్టాటిల్ భావించాడు. మన ఆలంకారికులు ఈ సమస్యను ఔచిత్యం పేరుతో చర్చించారు.

‘ధ్వన్యాలోకం’ తృతీయోద్యోతంలో ఆనందవర్ధనుడు చేసిన చర్చ ఈ వ్యాసానికి ప్రాతిపదిక. కేవలం మానవుడైన రాజు సప్తసముద్రాలను లంఘించాడని వర్ణిస్తే, ఆ వర్ణన ఎంత సొగసుగా ఉన్నా నీరసమే అవుతుందని ఆయన అభిప్రాయం. వెంటనే ఒక ఆక్షేపాన్ని తానే లేవనెత్తాడు: సాతవాహనుడు మొదలైనవారు నాగలోకానికి వెళ్లినట్లు వింటున్నాం కదా, మరి అది అనుచితం కాదా? ఆంధ్రదేశచరిత్రతో ముడిపడిన రాజవంశం పేరు కాశ్మీర ఆలంకారికుని చర్చలో ఇలా ప్రస్తావనకు రావడం తెలుగు పరిశోధకులకు ఆసక్తి కలిగించే విషయం. దీనికి ఆయన చెప్పిన సమాధానం సూక్ష్మమైనది. రాజుల అతిశయప్రభావాన్ని వర్ణించడం దోషం కాదు; కేవల మానుషమైన కల్పితకథలో దివ్యానికి తగిన నడతను చొప్పించడం దోషం. అంటే విశ్వసనీయత లోకవాస్తవంతో పోల్చి తేల్చేది కాదు. రచన తన పాత్రకు ఏ ‘ప్రకృతి’ని ఏర్పరచిందో, దానితో పోల్చి తేల్చేది.

ఎగిరే రోబోలు, మాట్లాడే అడవిపందులు ఉండే యానిమేకు ఈ ప్రమాణం సరిగ్గా అమరుతుంది. అయితే ప్రకృతి ఏర్పడటం ఒక్కటే చాలదు. అది కంటికి కనపడాలి. అక్కడ భరతుని పరిభాష అక్కరకు వస్తుంది. భావానికి కారణం విభావం. భావం బయటపడే తీరు అనుభావం. మధ్యలో వచ్చిపోయే శంక, దైన్యం, వ్రీడ వంటివి సంచారులు. ఒక పాత్ర ప్రేరణను వివరించే గతకథ విభావస్థానంలో ఉంటుంది. ప్రేరణను నమ్మించే శక్తి ప్రధానంగా విభావానిదా, అనుభావానిదా అన్నది ఈ వ్యాసం వేసుకొన్న ప్రశ్న.

2. ఆజ్ఞే ప్రేరణ: 1945

జపాన్‌లో తొలి పూర్తినిడివి యానిమేషన్ చలనచిత్రం ‘మొమొతారో: ఉమి నో షింపెయ్’. సముద్రపు దివ్యసైనికులు అని ఆ మాటలకు అర్థం. నౌకాదళం కోరికపై సెఒ మిత్సుయో దర్శకత్వంలో తయారైన ఈ 74 నిమిషాల చిత్రం 1945 ఏప్రిల్‌లో విడుదలైంది. పీచుపండులోంచి పుట్టిన వీరబాలుడు మొమొతారో జపాన్ జానపదకథల్లో ప్రసిద్ధుడు. అతని వెంట నడిచే కుక్క, కోతి, ఫెజెంట్ పక్షి కూడా అంతే ప్రసిద్ధం. చిత్రంలో వీటికి ఎలుగుబంటి తోడై, అన్నీ నౌకాదళ సైనికులవుతాయి. సెలవుపై ఇంటికి వస్తాయి, దక్షిణసముద్రంలోని ద్వీపంలో స్థావరం కడతాయి, అక్కడి జంతువులకు జపాన్ అక్షరాలు నేర్పుతాయి, చివరకు పారాచూట్లతో దిగి శత్రువులను లొంగదీస్తాయి.

ఈ జంతువులు ఎందుకు పోరాడుతున్నాయి? చిత్రం ఆ ప్రశ్నను అడగనే అడగదు. ప్రేరణ రాజ్యం నుంచి వస్తుంది. పాత్ర దాన్ని మోస్తుంది. సెలవుపై వచ్చిన కోతి తమ్ముడు నీటిలో పడి కొట్టుకుపోబోయే సన్నివేశంలో మాత్రమే ఆందోళన, తొందర, ఊరట అన్నీ పాత్రల సొంతమవుతాయి. యుద్ధానికి సంబంధించిన సన్నివేశాల్లో ఆ సొంతదనం కనపడదు. చివరి దృశ్యంలో ఊళ్లోని పిల్లలు చెట్టుమీదినుంచి నేలపై గీసిన అమెరికా పటం మీదికి దూకుతూ ఆడుకుంటారు. పెద్దల యుద్ధం పిల్లల ఆటగా దిగివస్తుంది.

ఆ ఏప్రిల్‌లోనే ఒసాకాలో ఈ చిత్రాన్ని చూసి చలించినవారిలో తెజుకా ఒసాము ఒకడు. 1928లో పుట్టిన అతనికి అప్పుడు పదహారేళ్లు. అతనిని ఆకట్టుకొన్నది యుద్ధప్రబోధం కాదు, బొమ్మల్లోని జీవం. యుద్ధానంతర యానిమే చరిత్రను ఆ బొమ్మలకు సొంత కారణాలను సంపాదించిపెట్టే ప్రయత్నంగా చదవవచ్చు. ఆజ్ఞ మేరకు పోరాడిన తరాన్ని కళ్లారా చూసిన సమాజంలో, ‘పిల్లవాడు ఎందుకు పోరాడుతున్నాడు?’ అన్న ప్రశ్న కేవలం కథాసంవిధాన సమస్య కాదు, నైతిక సమస్య కూడా.

3. పెరగని శరీరం: ‘తెత్సువాన్ అటోము’ (1963)

తెజుకా మాంగా ఆధారంగా అతని ముషి ప్రొడక్షన్ సంస్థ నిర్మించిన ‘తెత్సువాన్ అటోము’ 1963 జనవరి 1న ఫుజి టీవీలో మొదలై 1966 డిసెంబరు 31 వరకు 193 భాగాలుగా ప్రసారమైంది. ఇంగ్లీషులో ‘ఆస్ట్రో బాయ్’గా లోకానికి పరిచయమైన కథ ఇదే. డాక్టర్ తెన్మా అనే శాస్త్రవేత్త కారు ప్రమాదంలో పోయిన కొడుకు తొబియోకు బదులుగా అదే పోలికలతో ఒక రోబోను చేస్తాడు. రోబో పెరగదు. పెరగని కొడుకును భరించలేక తండ్రి వాడిని సర్కస్‌కు అమ్మేస్తాడు. ఓచనోమిజు అనే ప్రొఫెసర్ చేరదీసిన తరువాత వాడు మనుషులకోసం పోరాడే వీరుడవుతాడు.

ఇక్కడ ప్రేరణ మొదటిసారి ఒక గాయంనుంచి పుడుతోంది. తనను వద్దనుకున్న జాతికోసం పోరాడే బాలుడు అటోము. విమర్శకుడు ఒత్సుకా ఈజి తన అటోము అధ్యయనంలో దీన్ని యుద్ధానంతర మాంగాకు మూలసమస్యగా గుర్తించాడు: ఎదగలేని గీతల శరీరానికి ఎదుగుదలను, బాధను, మరణాన్ని ఇవ్వడం ఎలా? ఈ పరిశీలన ప్రేరణచర్చకు కీలకం. దెబ్బ తగిలినా చెక్కుచెదరని బొమ్మ ఏ నిర్ణయం తీసుకున్నా ప్రేక్షకునికి దానితో పని ఉండదు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనిచోట నిర్ణయానికి బరువు రాదు.

కథతోపాటు నిర్మాణవిధానం కూడా ఈ దశలో మారింది. వారానికి అరగంట భాగాన్ని తక్కువ సొమ్ముతో తయారుచేయాలి. సెకనుకు 24 చట్రాలు నడిచే ఫిల్ముపై ఒక్కొక్క బొమ్మను మూడేసి చట్రాలకు నిలిపి, ఎనిమిది బొమ్మలతో సెకను గడిపారు. ఒకసారి గీసిన కదలికలను దాచి మళ్లీమళ్లీ వాడారు. ముఖం నిలిచి ఉండగా పెదవులు మాత్రం కదిలాయి. దీన్నే పరిమిత చలనం అంటారు.

దీని ఫలితాన్ని మన పరిభాషలో చెప్పుకొంటే విషయం స్పష్టమవుతుంది. భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్వికభావాలు స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. నటుని శరీరంలో ఇవి మనస్సమాధివల్ల తమంతట తాము కలిగేవి. అందుకే వాటికి ప్రామాణ్యం. బొమ్మలో తనంతట తాను కలిగేది ఒక్కటీ లేదు. కన్నీటిబొట్టు గీయాలి, వణుకు గీయాలి, ప్రతిదానికీ శ్రమ, ఖర్చు. ఆ ఖర్చు భరించలేని నిర్మాణపద్ధతిలో ప్రధానంగా మిగిలినవి రెండు: బొమ్మను కదపకుండా ఉంచితే దొరికే స్తంభం, మైకు ముందు నటి లేదా నటుడు ఇచ్చే స్వరభేదం. పేదరికంలో మిగిలిన ఈ రెండే తరువాతి మూడు దశాబ్దాల్లో యానిమే పాత్రల అంతరంగానికి ప్రధాన వాహికలయ్యాయి.

4. రెండుగా చీలిన మనసు: హిల్డా (1968)

1968 జూలైలో తోయెయ్ సంస్థ విడుదల చేసిన ‘తాయో నో ఓజి: హొరుసు నో దాయిబోకెన్’ తకహాతా ఇసావోకు దర్శకునిగా తొలి చలనచిత్రం. ఒత్సుకా యసువో యానిమేషన్ దర్శకుడు. యువకుడైన మియజాకీ హయావో దృశ్యరూపకల్పన చేశాడు. తకహాతా, మియజాకీ ఇద్దరూ సంస్థలోని కార్మికసంఘంలో చురుకుగా పనిచేసినవారు. కలసికట్టుగా నిలిచిన ఊరు దుష్టశక్తిని జయించడమన్న ఇతివృత్తంలో ఆ అనుభవం ప్రతిధ్వనిస్తుంది.

మన ప్రశ్నకు సంబంధించి ఈ చిత్రంలో ముఖ్యపాత్ర కథానాయకుడు హొరుసు కాదు, హిల్డా అనే బాలిక. ఆమె ఊరు నాశనమైంది. దుష్టుడైన గ్రున్‌వాల్డ్ ఆమెను చెల్లెలిగా చేసుకొని, ప్రాణరక్షణనిచ్చే పతకాన్ని ఇచ్చి, హొరుసు ఉంటున్న ఊరిని లోపలినుంచి చీల్చడానికి పంపుతాడు. ఆమె పాటకు ఊరివాళ్లు పని మాని వింటూ కూర్చుంటారు. ఆమె వెంట ఉండే ఉడుత ఒకవైపు, గుడ్లగూబ మరొకవైపు ఆమెను లాగుతుంటాయి.

హిల్డాకు కావలసినవి రెండు. చావకుండా ఉండాలి, మనుషులమధ్య ఉండాలి. ఒకటి దక్కాలంటే మరొకటి వదలాలి. ఆమె ఊరికి చేసే కీడు ఒక్కటీ ‘చెడ్డదానివల్ల’ జరిగినట్లు తోచదు. ఆమె పాత్రకు ప్రాణంపోసిన సీనియర్ చిత్రకారుడు మోరి యసుజి ఆ ముఖంలో భావాన్ని వెల్లువెత్తనీయలేదు. నవ్వు మొదలై ఆగిపోయినట్లు, చూపు ఒకచోట నిలిచి మనసు మరొకచోట ఉన్నట్లు గీశాడు. శంక, దైన్యం, చింత ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతాయి. ఇంతవరకు బాలల చిత్రాల్లో స్థాయిభావానికే చోటు దక్కింది. ఇక్కడ సంచారులకు దక్కింది.

ముగింపులో మంచుతుఫానులో చిక్కిన బాలుడు ఫ్లెప్‌ను కాపాడటానికి హిల్డా తన పతకాన్ని ఇచ్చివేస్తుంది. ఈ పరివర్తన నమ్మదగినదిగా ఉండటానికి కారణం ఎవరో చేసిన ఉపదేశం కాదు. ఆ పతకం విలువెంతో ప్రేక్షకుడు చిత్రం పొడవునా చూశాడు. ఆమె ఇచ్చింది తనకున్నదంతా అని అతనికి తెలుసు. ప్రేరణ నిజమైనదని రుజువు చేసేది దానికి పాత్ర చెల్లించిన మూల్యమేనని యానిమే చరిత్రలో స్పష్టంగా చూపిన తొలి ఘట్టాల్లో ఇదొకటి.

5. వారంవారం మారే కారణం: అమురో (1979)

1979 ఏప్రిల్ 7న మొదలైన ‘కిదో సెన్షి గందాము’ను తొమినో యోషియుకి దర్శకత్వంలో నిప్పన్ సన్‌రైజ్ నిర్మించింది. బొమ్మల కంపెనీ ప్రాయోజకత్వంలో నడిచే రోబో ధారావాహికల్లో కథానాయకుడు రోబోను ఎందుకు నడుపుతాడన్న ప్రశ్నకు చోటు తక్కువ. నడిపితేనే బొమ్మ అమ్ముడుపోతుంది. ఆ వ్యాపారచట్రంలోనే ఉంటూ తొమినో ఆ ప్రశ్నను కథకు కేంద్రం చేశాడు.

అమురో రేకు పదిహేనేళ్లు. ఇంజనీరు కొడుకు, యంత్రాలంటే ఇష్టం. తాముంటున్న అంతరిక్షావాసంపై శత్రువులు దాడిచేసినప్పుడు అతనికి గందాము వివరాల పుస్తకం దొరుకుతుంది. స్నేహితురాలు ఫ్రా బౌ తల్లి, తాత కళ్లముందే చనిపోతారు. అతడు యంత్రమెక్కుతాడు. ఆ ఒక్క నిర్ణయంతో కథ తృప్తిపడి ఉంటే ఇది మరొక వీరగాథ అయ్యేది. తొమ్మిదో భాగంలో అమురో ఇక నడపనని మొండికేస్తాడు. నౌకాధిపతి బ్రైట్ అతనిని చెంపమీద కొడతాడు. పదమూడో భాగంలో ఎన్నో ఏళ్ల తరువాత తల్లిని కలుసుకొంటాడు. ఆమె ఎదుటే శత్రుసైనికునిపై కాల్పులు జరుపుతాడు. తన కొడుకు ఇలా అయ్యాడా అని ఆమె తల్లడిల్లుతుంది. తరువాత ఒక దశలో నౌకను వదిలి పారిపోతాడు. ఎడారిలో రాంబా రాల్ అనే శత్రుయోధుడు ఎదురుపడినప్పుడు, ఆ మనిషిని గెలవాలన్న పంతం అతనిలో పుడుతుంది.

ఒకే బాలుడు మొదట భయంతో, తరువాత కోపంతో, తరువాత విధిలేక, తరువాత పంతంతో పోరాడుతున్నాడు. ఇన్ని కారణాలు మారడం పాత్రకు లోపం కాలేదు, బలమైంది. వారంవారం సాగే ధారావాహిక రూపం దీనికి తోడ్పడింది. నెలల తరబడి సాగే యుద్ధంలో మొదటిరోజు కారణమే చివరిదాకా నిలవడం నిజానికి నమ్మశక్యం కాని విషయం.

ప్రతినాయకుడు షా అజ్నబుల్ దీనికి విలోమం. అతనిది ఒకే కారణం: తండ్రి జియోన్ దాయ్‌కున్ మరణానికి జాబీ వంశంపై పగ. ముఖానికి ముసుగు, మారుపేరు, శత్రువుల కొలువులో ఉద్యోగం. పదో భాగంలో తనను మిత్రునిగా నమ్మిన గర్మా జాబీని మృత్యుముఖంలోకి తోసి, అతని పుట్టుకే అతని నేరమని తెలియజేస్తాడు. పగ తీరిందన్న సంతోషం ప్రేక్షకునికి కలగదు. గర్మా మంచి స్నేహితుడని అప్పటికే తెలుసు. పగకు కారణం ఎంత న్యాయమైనదైనా, తీర్చుకొన్న తీరు మనిషిని ఏం చేసిందో కనబడుతుంది. విభావం పాత్రను సమర్థిస్తుంటే అనుభావం ప్రశ్నిస్తుంది. ఆ రెండింటి మధ్య బిగువులోనే షా నమ్మదగినవాడయ్యాడు.

52 భాగాలుగా తలపెట్టిన ఈ ధారావాహికను 43 భాగాలకే, 1980 జనవరిలో ముగించవలసివచ్చింది. పునఃప్రసారాలు, ప్లాస్టిక్ నమూనాల అమ్మకాలు, 1981–82లో వచ్చిన చలనచిత్ర రూపాలు దానికి ఆదరణను తెచ్చిపెట్టాయి. 1981 ఫిబ్రవరి 22న టోక్యోలోని షింజుకులో వేలాది యువత సమక్షంలో తొమినో బృందం ‘యానిమే నవశతాబ్ది ప్రకటన’ చేసింది. పాత్ర మనసును పట్టించుకొనే ప్రేక్షకవర్గం ఒకటి ఏర్పడిందనడానికి ఆ సభ సాక్ష్యం.

6. కారణం దొరకని బాలుడు: షింజి (1995)

అన్నో హిదేఆకి దర్శకత్వంలో గైనాక్స్ నిర్మించిన ‘షిన్సెయికి ఎవంగెరియోన్’ 1995 అక్టోబరు 4 నుంచి 1996 మార్చి 27 వరకు టీవీ టోక్యోలో 26 భాగాలుగా ప్రసారమైంది. పద్నాలుగేళ్ల ఇకారి షింజిని ఏళ్లతరబడి పట్టించుకోని తండ్రి హఠాత్తుగా పిలిపించి, భారీ యంత్రశరీరాన్ని నడపమంటాడు. షింజి నిరాకరిస్తాడు. అతని స్థానంలో తీవ్రంగా గాయపడిన రెయ్ అనే బాలికను మోసుకొస్తారు. ఆమెను పట్టుకొన్న చేతికి నెత్తురంటుతుంది. అతడు ఒప్పుకొంటాడు.

పైకి ఇది అమురో నిర్ణయంవంటిదే. తేడా తరువాత బయటపడుతుంది. నాలుగో భాగంలో షింజి పారిపోతాడు, తిరిగివస్తాడు. పన్నెండో భాగంలో తండ్రి నోట ఒక్క మెచ్చుకోలు మాట విని, బహుశా ఆ మాటకోసమే నడుపుతున్నానేమోనని అనుకొంటాడు. లోకరక్షణ అన్న ఘనమైన కారణం కింద ‘నాన్న మెచ్చుకోవాలి’ అన్న పసి కారణం ఉంది. దానికింద ఏముందో అతనికీ తెలియదు. చివరి రెండు భాగాల్లో బయటి సంఘటనలు దాదాపు ఆగిపోయి, అతని మనసులోనే విచారణ సాగుతుంది.

1963లో ఖర్చు తగ్గించడానికి పుట్టిన పరిమిత చలనం ఇక్కడ పాత్రచిత్రణకు సాధనమైంది. లిఫ్టులో ఇద్దరు మాట్లాడుకోకుండా నిలబడిన నిశ్చలదృశ్యం దాదాపు నిమిషంపాటు సాగుతుంది. గ్లాని, వ్రీడ, దైన్యం తప్ప వీరరసానికి కావలసిన ఉత్సాహం షింజిలో లేదు. వీరుని స్థానంలో ఉత్సాహం లేనివాడిని నిలబెట్టడం ఔచిత్యభంగం కాదా అన్న ప్రశ్న రావచ్చు. ఆనందవర్ధనుని ప్రమాణం ప్రకారం కాదు. రచన మొదటి భాగంలోనే ఇతని ప్రకృతిని స్థాపించింది. దానికి విరుద్ధంగా అతనిని వీరుణ్ణి చేసి ఉంటే అది అనౌచిత్యమయ్యేది.

7. గతం చెప్పని పాత్ర: ఎబోషి (1997)

1997 జూలై 12న విడుదలైన మియజాకీ చిత్రం ‘మొనొనొకె హిమె’ ఈ వ్యాసప్రతిపాదనకు గట్టి ఆధారం. ఇనుము కరిగించే తతారా ఊరికి నాయకురాలైన ఎబోషి అడవిని నరికిస్తుంది, వనదేవతను చంపడానికి పూనుకొంటుంది. ఆమె అలా ఎందుకైందో, ఎక్కడినుంచి వచ్చిందో చిత్రం చెప్పదు. గతాన్ని చూపే దృశ్యం ఒక్కటీ లేదు. అయినా ఆమె ప్రేరణను శంకించే ప్రేక్షకుడు ఉండడు.

కారణం ఆమె పనుల్లో ఉంది. వేశ్యాగృహాలనుంచి విడిపించి తెచ్చిన స్త్రీలు ఆ ఊరి కొలిమి తిత్తులను తొక్కుతారు. లోకం వెలివేసిన కుష్ఠురోగులు ఆమె తోటలో తుపాకులు తయారుచేస్తారు. కుళ్లిన తమ శరీరాన్ని తాకి కడిగి కట్టుకట్టిన మనిషి ఆమె ఒక్కతే అని వారిలో ఒక వృద్ధుడు చెబుతాడు. ఆ తుపాకి గుండే అడవిపంది దేవుడు నాగోను శాపగ్రస్తం చేసింది. ఆ శాపమే అషితాకా కుడిచేతికి అంటుకొంది. ఎబోషి ఎదుట ఆ చేయి తనంతట తానే కత్తివైపు కదులుతుంది. అషితాకా దాన్ని ఎడమచేత్తో అణచిపెడతాడు. ఒకే శరీరంలో పగ ఒక చేతిలో, వివేకం మరొక చేతిలో. ప్రేరణల సంఘర్షణకు ఇంతకంటే స్పష్టమైన అనుభావం ఉండదు.

ఆయుధం పట్టిన బాల్యం ఇక్కడ సాన్ రూపంలో ఉంది. మనుషులు అడవిలో వదిలేసిన పాపను తోడేలు దేవత పెంచింది. ఎబోషి కట్టిన ఆశ్రయం, సాన్ కాపాడే అడవి రెండూ న్యాయమైనవే. రెండూ ఒకచోట నిలవవు. చిత్రాంతంలో అషితాకాపై ప్రేమ ఉన్నా మనుషులను క్షమించలేనంటుంది సాన్. రాజీ కుదిర్చి ఉంటే ప్రేక్షకునికి హాయిగా ఉండేది; పాత్ర ప్రకృతి మాత్రం దెబ్బతినేది.

8. వివరణ–విశ్వాసం: ఒక పరీక్ష

పైన చెప్పినదానికి ఒక ఆక్షేపం ఉంది. ఇటీవలి యానిమేలో ప్రతినాయకుని దీర్ఘమైన గతకథ చెప్పి కంటతడి పెట్టించే పద్ధతి విస్తృతంగా ఉంది. 2025 సెప్టెంబరులో తెలుగు అనువాదంతో సహా మనదేశంలో విడుదలైన ‘డెమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’లో అకాజా వృత్తాంతం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. జబ్బుపడిన తండ్రి మందులకోసం దొంగతనాలు చేసిన బాలుడు, తండ్రిని, తరువాత గురువును, పెళ్లాడబోయే కొయుకిని పోగొట్టుకొని రాక్షసుడైన కథ అది. ఇక్కడ నమ్మిస్తున్నది గతకథే కదా?

జాగ్రత్తగా చూస్తే గతకథ చేస్తున్న పని వేరు. అకాజా స్త్రీలను చంపడు. అతడు పోరాటానికి దిగినప్పుడు నేలపై మంచురవ్వ ఆకృతి విచ్చుకొంటుంది. 2020లో వచ్చిన ‘ముగెన్ ట్రెయిన్’ చిత్రంలోనే ప్రేక్షకుడు దాన్ని చూశాడు, కారణం తెలియకుండానే. గతకథలో కొయుకి తలలోని మంచురవ్వ ఆభరణం కనబడినప్పుడు, ముందే చూసిన అనుభావానికి విభావం దొరుకుతుంది. గతకథ కొత్త నమ్మకాన్ని సృష్టించలేదు, అప్పటికే ఉన్న జాడను చదివింది. తెలుగు పాఠకులకు ఈ పద్ధతి అపరిచితం కాదు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో ముందు చూసిన సంఘటనలకు అసలు సంబంధం తరువాత తెలిసి, చదివిందంతా మరోసారి కూర్చుకోవలసి వస్తుంది. జాడలు లేకుండా చివర్లో అతికించిన గతకథ ఎంత దయనీయమైనా సాకుగానే మిగులుతుంది.

దీనికి నైతికకోణం కూడా ఉంది. ప్రేరణ అర్థం కావడం వేరు, చేసిన పని క్షమార్హం కావడం వేరు. అకాజా వృత్తాంతం విని జాలిపడిన ప్రేక్షకుడు అతని చేతిలో చనిపోయిన రెంగోకును మరచిపోడు. షా విషయంలో తొమినో చూపిన విచక్షణ కూడా ఇదే.

మరొక ఆక్షేపం అజుమా హిరోకిది. 2001లో వెలువడిన గ్రంథంలో ఆయన, కొత్తతరం అభిమానులు కథను కాక, పిల్లిచెవులు, యూనిఫారం వంటి లక్షణాల నిధినుంచి ఏరుకొన్న అంశాల కూర్పుగా పాత్రను ఆస్వాదిస్తున్నారని వాదించాడు. అదే నిజమైతే ప్రేరణచర్చకే అర్థం లేదు. కానీ ఇష్టపడటం, నమ్మడం రెండు వేర్వేరు వ్యాపారాలు. లక్షణాల కూర్పు పాత్రపై ఇష్టాన్ని కలిగించవచ్చు. నిర్ణయఘట్టంలో దాని బరువును మోయలేదు.

9. తెలుగు అనువాదం ముందున్న సమస్య

ఈ చర్చకు తెలుగులో ఆచరణాత్మక ప్రయోజనం ఉంది. జపనీస్‌లో ఉత్తమపురుష సర్వనామాలు అనేకం. అమురో, షింజి తమను ‘బొకు’ అనుకొంటారు. అది అణకువగల బాలుని మాట. షా ‘వతాషి’ అంటాడు. అందులో దూరం, మర్యాద ఉన్నాయి. అకాజా ‘ఒరె’ అంటాడు. అందులో దర్పం ఉంది. తెలుగులో నలుగురికీ ‘నేను’ ఒక్కటే. పాత్ర తనను ఎలా చూసుకొంటోందన్న సూచన అక్కడే జారిపోతుంది.

అయితే తెలుగుకు మరోచోట సంపద ఉంది. నువ్వు–మీరు భేదం, క్రియారూపాల్లో గౌరవం, వరసపిలుపులు సంబంధాన్ని క్షణంలో పట్టిస్తాయి. షింజి తండ్రిని ‘నాన్నా, నువ్వు’ అంటాడా, ‘నాన్నగారూ, మీరు’ అంటాడా అన్నది అనువాదకుడు తీసుకోవలసిన నిర్ణయం. మొదటిది చనువు, ఏళ్లతరబడి దూరమైన కొడుకు ప్రకృతికి అది పొసగదు. రెండోదానిలోని దూరమే అతని ఆకలిని వినిపిస్తుంది. సంభాషణల్లో పాత్రౌచిత్యాన్ని నిలపడంలో తిక్కనను ఒరవడిగా భావించే సాహిత్యసంప్రదాయం మనది. పెరుగుతున్న తెలుగు డబ్బింగుకు ఆ సంప్రదాయంనుంచి నేర్చుకోదగినది చాలా ఉంది.

10. ముగింపు

1945లో ఆజ్ఞ, 1963లో గాయం, 1968లో రెండు కోరికల ఘర్షణ, 1979లో పరిస్థితితోపాటు మారే కారణం, 1995లో తనకే తెలియని కారణం, 1997లో ఎదురెదురుగా నిలిచిన రెండు న్యాయాలు. ఆయుధం పట్టిన బాల్యానికి జపాన్ యానిమే చెప్పుకొన్న కారణాల క్రమం ఇది. ఈ క్రమంలో వివరణ పెరిగినకొద్దీ విశ్వసనీయత పెరిగిందని చెప్పలేం. నమ్మకాన్ని కలిగించినవి మూడు: రచన ముందుగా స్థాపించిన ప్రకృతికి నిర్ణయం లోబడి ఉండటం, ఆ నిర్ణయానికి పాత్ర మూల్యం చెల్లించడం, కారణం తెలియకముందే దాని జాడ అనుభావరూపంలో కంటబడటం. తొలి యానిమేటర్లకు మిగిలిన నిశ్చలతా గొంతూ ఆ జాడను మోయగలిగాయి.

రససిద్ధాంతాన్ని మనిషి శరీరంతో ఆడే నాటకంకోసం రచించారు. శరీరమే లేని బొమ్మకు అన్వయించినప్పుడు సాత్త్వికభావాల స్వయంభవత్వాన్ని పునరాలోచించవలసి వస్తుంది. బొమ్మల సినిమాను బాలల కాలక్షేపంగా పక్కనపెట్టకుండా, మన అలంకారశాస్త్రాన్ని పరీక్షించుకొనే రంగంగా స్వీకరిస్తే, లాభం ఆ కళకు మాత్రమే కాదు, మన విమర్శకు కూడా.